వీసాయు వైద్యబీమాయు: ఒక సమీక్ష

పరదేశమునుండి వచ్చినవానిని పొలిమేరలో నిలిపి ప్రశ్నించుట రాజ్యమెంత ప్రాచీనమో అంత ప్రాచీనమైన ఆచారము. కాలానుగుణముగా మారుచు వచ్చినది ప్రశ్న మాత్రమే. ఓడలు దిగి వచ్చువారిని వైద్యులు వరుసగా నిలువబెట్టి, దగ్గు విని, నడక చూచి, కనురెప్పలు తిరుగవేసి పరీక్షించిన దినములలో, నీవు మాకేమి రోగము తెచ్చితివి అనునదే ఆ ప్రశ్న. 1892లో న్యూయార్కు రేవున తెరచిన ఎల్లిస్ దీవిలో కొన్ని దశాబ్దములపాటు జరిగినది ఈ పరీక్షయే. ఐతే అంతకు పదేండ్ల పూర్వమే, 1882లో, అమెరికా కాంగ్రెసు చేసిన వలసచట్టము రెండవ ప్రశ్నకు కూడ నాంది పలికియుండెను: తన్ను తాను పోషించుకొనజాలక ప్రజాధనమునకు భారము కాగలవానిని దిగనీయరాదని అది శాసించినది. నేడు మొదటి ప్రశ్న టీకాపత్రములలోనికిని ఊపిరితిత్తుల ఎక్సురే పటములలోనికిని ఒదిగిపోగా, రెండవదియే పెరిగి పెద్దదై, నీకు జబ్బు చేసినచో బిల్లు ఎవరు కట్టుదురను స్పష్టరూపము ధరించి, ఏడాదికో, ఐదేండ్లకో, పదేండ్లకో వీసా కోరువారి దరఖాస్తులలో ఒక గడిగా స్థిరపడినది.

ఈ ప్రశ్న అడుగుటలో అన్యాయమేమియు లేదని మొదటనే ఒప్పుకొనవలసియున్నది. రక్తమోడుచు వచ్చినవానిని పాస్‌పోర్టు చూచిన పిదపనే చేర్చుకొను వైద్యశాల నాగరికదేశమున ఉండరాదు. చికిత్సకు ముందు వెల అడుగు దేశముగా లోకము ఎంచు అమెరికాలో సైతము, అత్యవసర విభాగమునకు వచ్చిన రోగిని అతని చెల్లింపుశక్తితో నిమిత్తము లేక పరీక్షించి, ప్రాణాపాయము తొలగించి, నిలకడకు తేవలెనని 1986 నుండి చట్టమున్నది. చికిత్స తప్పదు గనుక వ్యయము ఎవరో ఒకరిపై పడక తప్పదు. ఆ ఎవరో తమ పన్నుదారుడు కాకూడదని కోరుటకు ఏ ప్రభుత్వమునకైనను అధికారమున్నది. వలసకార్మికుల హక్కులను గూర్చి ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన ఒడంబడిక, అనుమతిపత్రములు లేనివానికి సైతము ప్రాణరక్షణకు తక్షణము కావలసిన చికిత్సను నిరాకరింపరాదని చెప్పినది గాని, దానిలో చేరిన దేశములు ప్రధానముగా మనుష్యులను పంపు దేశములే. వారిని స్వీకరించు సంపన్నరాజ్యములు దూరముగనే నిలిచినవి. మన దేశము కూడ అందులో చేరలేదు.

ఐనను అడుగుటతో రాజ్యము పని తీరదు. ఆరోగ్యబీమా, అంగడిలో బియ్యము వలె, సొమ్ము చేతబట్టి వచ్చిన ప్రతివానికి దొరకు సరుకు కాదు. కొనువాని వయస్సు, షుగరు, బీపీ, గుండెలో వేసిన స్టెంటు తెలిసికొన్న పిదప అమ్మువాడు బేరమునే మానుకొనగల విచిత్రమైన వర్తకమది. రాజ్యము ఒకవంక బీమాపత్రము తెమ్మని ప్రవాసిని శాసించుచు, మరియొకవంక ఆ ప్రవాసిని త్రోసిపుచ్చు స్వేచ్ఛను బీమా సంస్థకు విడిచినచో, ఆరోగ్యవంతుడు పత్రము చూపి సులభముగా లోపలికి వచ్చును. చికిత్స నిజముగా కావలసినవాడు డబ్బుండియు వెలుపలనే నిలిచిపోవును. కావున ఒక దేశపు నిబంధన న్యాయమైనదో కాదో తేల్చుటకు, అది ఎంత మొత్తమునకు బీమా అడుగుచున్నదను సంఖ్యకంటె, అడిగిన బీమా దొరకునట్లు తాను చేసినదేమి అను విషయమే ముఖ్యమని నా అభిప్రాయము. ఈ పరిశీలన అంతయు ఆ గీటురాయిమీదనే నడచును.

వచ్చినవానిని తమ సొంత వ్యవస్థలోనికే కలుపుకొనుట ఉన్న మార్గములన్నింటిలో నిరాడంబరమైనది. 1883లో బిస్మార్కు కార్మికుల అనారోగ్యబీమాను చట్టబద్ధముచేసిన జర్మనీలో, సాధారణోద్యోగమునకు వచ్చిన విదేశీయుడును స్వదేశీయుని వలెనే జీతమునుండి చందా చెల్లించును, యజమాని తన భాగము చేర్చును, రోగచరిత్రను ఎవరును అడుగరు. విదేశీయునకు జీవనాధారమున్నదని చెప్పుటకు చాలినంత ఆరోగ్యబీమా కూడ ఉండవలెనని అక్కడి నివాసచట్టము ఆ నిర్వచనములోనే చేర్చినది. ఐతే ఇక్కడను మినహాయింపులు లేకపోలేదు. విద్యార్థికి ప్రభుత్వబీమాలో తక్కువ చందాతో ప్రవేశము ముప్పది యేండ్ల వయస్సు వరకే. ఆ గీటు దాటి పై చదువునకు వచ్చినవాడు తరచుగా ప్రైవేటు బీమానే వెదకుకొనవలసివచ్చును. అంతకంటె చిన్నవాడు సైతము, నెలకు కొన్ని యూరోలు మిగులునని ఆశపడి చదువు ఆరంభమున ప్రైవేటు పాలసీ ఎంచుకొని ప్రభుత్వబీమానుండి మినహాయింపు వ్రాయించుకొన్నచో, ఆ చదువు ముగియువరకు వెనుకకు రాజాలడు. జర్మనీలోని విదేశీ విద్యార్థులలో నేడు భారతీయులదే ప్రథమస్థానము. వారిలో మన రెండు రాష్ట్రములనుండి వెళ్లినవారును ఉన్నారు. అద్దెగదిని గూర్చి వేయి ప్రశ్నలు వేయు ఆ పిల్లలకు, ఈ ఒక్క సంతకము ఎంత దూరము వెంటవచ్చునో ముందుగా చెప్పువారుండుట మేలు.

జపానులో 1961 నుండి అందరికిని ఆరోగ్యబీమా కలదు. మూడు మాసములకు మించి నివసింపవచ్చిన విదేశీయుడు పురపాలక కార్యాలయమున పేరు వ్రాయించుకొని, ఉద్యోగపు బీమా లేనిచో జాతీయ ఆరోగ్యబీమాలో చేరవలెను. బిల్లులో సాధారణముగా నూటికి ముప్పదివంతులు రోగి చెల్లించును. దక్షిణకొరియా 2019 జూలై 16 నుండి ఆరు మాసములు దాటిన విదేశీయులను తన జాతీయబీమాలో తప్పనిసరిగా చేర్చి, చందా బాకీపడినవానికి వీసా పొడిగింపును కుదించు పద్ధతిని కూడ దానికి జోడించెను. ఈ రెండు దేశములందును బీమా ప్రశ్న రాయబారకార్యాలయములో కాక, దేశములోపల, నివాసి హోదాతోపాటు పుట్టుచున్నదని గమనింపవలెను. జపాను 2024లో, ఆన్‌లైనున పనిచేయుచు దేశదేశములు తిరుగువారికై ఆరుమాసముల వీసా తెచ్చినప్పుడు, వారికి నివాసి హోదా ఇయ్యలేదు. వెంటనే కోటి యెన్నుల వైద్యరక్షణ గల ప్రైవేటు బీమా చూపవలెనను షరతు ప్రత్యక్షమైనది. ఇంటివానిగా ఎంచినచో చందా, అతిథిగా ఎంచినచో బీమాపత్రము: ఇంతకంటె స్పష్టముగా ఈ రెండు పద్ధతుల భేదమును చూపు ఉదాహరణ నాకు కనబడలేదు.

బ్రిటను మార్గము వేరు. 1948 నుండి పన్నులతో నడచుచున్న జాతీయ ఆరోగ్యసేవ అక్కడి నివాసులను చికిత్సాసమయమున వెల అడుగదు. కావున బ్రిటను ప్రవాసిని బీమా కొని తెమ్మనక, తన సేవకే ముందుగా రుసుము కట్టుమన్నది. 2014 నాటి వలసచట్టము ననుసరించి 2015 ఏప్రిల్ 6 నుండి, ఆరు మాసములకు మించిన వీసాకు వెలుపలినుండి దరఖాస్తు చేయువారు ఏడాదికి 200 పౌండ్లు, విద్యార్థులైనచో 150 పౌండ్లు, ఆరోగ్య సర్‌చార్జి చెల్లింపవలసివచ్చెను. 2019 జనవరిలో అది రెట్టింపై 400 ఐనది. 2020 అక్టోబరులో 624. 2024 ఫిబ్రవరి 6 నుండి 1,035, విద్యార్థులకును పదునెనిమిదేండ్లలోపు పిల్లలకును 776. తొమ్మిదేండ్లలో ఐదింతలకు మించి పెరిగిన వెల ఇది. వీసా కాలమంతటికిని ఒక్కసారిగా ముందే చెల్లింపవలెను గనుక, భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో ఐదేండ్ల ఉద్యోగవీసాకు దరఖాస్తు చేసినచో, వీసా రుసుములు గాక, సర్‌చార్జియే 18,110 పౌండ్లగును. మన రూపాయలలో ఇరువది లక్షల మాట.

దీని గుణదోషములు రెండును పెద్దవే. రుసుము చెల్లించినవానికి ఆరోగ్యసేవ దాదాపు నివాసితో సమానముగా తెరచుకొనును. పాత జబ్బులను గూర్చి నిలదీయుట లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు, వయస్సు పెరిగినంత మాత్రమున వెల పెరుగదు. మన గీటురాయిమీద ఇది నిలుచును. కాని ఆ ప్రవాసియే ఉద్యోగములో చేరిన మొదటి మాసమునుండి ఆదాయపు పన్నును, జాతీయబీమా చందాను చెల్లించుచుండగా, ఒకే సేవకు రెండు మారులు వసూలుచేయుట ఎట్లు న్యాయమగునని అడిగినవారికి ప్రభుత్వమునుండి తృప్తికరమైన సమాధానము రాలేదు. ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవారిలో భారతీయ సంతతి వైద్యుల సంఘమైన బాపియో ఒకటి. గుంటూరు, కర్నూలు, విశాఖపట్టణము, హైదరాబాదు వైద్యకళాశాలలలో చదివి ఆ సేవలో జీవితములు గడపిన తెలుగు వైద్యులను తలచుకొన్నచో, తాము చేయు చికిత్సకు తామే సర్‌చార్జి కట్టుటలోని వైపరీత్యము తెలియును. 2020లో కోవిడు ఉద్ధృతముగా నున్నపుడు, వైద్యులకు, నర్సులకు వీధులలో చప్పట్లు కొట్టుచున్న దేశమే వారినుండి ఈ రుసుము గుంజుచున్నదను విమర్శ పెరుగగా, ఆ యేడు మే మాసమున ప్రధాని బోరిస్ జాన్సన్ వెనుకకు తగ్గి ఆరోగ్యసేవలోని సిబ్బందిని మినహాయించెను. మిగిలిన ప్రవాసుల రుసుము ఆ తరువాతనే మరింత పెరిగినది.

అదే బ్రిటనులో యూరోపు పౌరులకు మరియొక విధమైన అనుభవము కలిగినది. 2004 నాటి యూరోపు స్వేచ్ఛాసంచార శాసనము, ఉద్యోగము చేయని యూరోపు పౌరుడు మరియొక సభ్యదేశములో మూడు మాసములు మించి నివసింపవలెనన్న సమగ్రమైన అనారోగ్యబీమా కలిగియుండవలెనన్నది. బ్రిటనులో చదువుకొనుచున్న, ఇంటిపట్టున పిల్లలను పెంచుకొనుచున్న వేలమంది, జాతీయ ఆరోగ్యసేవ ఉన్నది గదా యని ఆ మాటనే పట్టించుకొనలేదు. యూరోపు సమాఖ్యను వీడుటపై 2016లో జరిగిన జనవాక్యసేకరణ తరువాత శాశ్వతనివాసమునకు దరఖాస్తు పెట్టుకొన్న వారికి, ఏండ్ల తరబడి వైద్యము చేసిన ఆ సేవ సమగ్రబీమా కిందకు రాదని హోం శాఖ చెప్పగా తెల్లబోయిరి. ఆరోగ్యసేవలో ఉచితముగా చేర్చుకొన్నవారికి ఆ బీమా ఉన్నట్లే యని యూరోపు న్యాయస్థానము 2022 మార్చి 10న తీర్పు చెప్పినది గాని, అప్పటికి బ్రిటను యూరోపు సమాఖ్యను వీడి రెండేండ్లు దాటినది. బీమా ఎంత ఉండిన సమగ్రమగునో స్పష్టము చేయక విడిచిన శాసనము కలిగించు అనర్థమునకు ఇది మచ్చుతునక.

ఆస్ట్రేలియా ప్రైవేటు బీమాను అడుగుచునే, దాని స్వరూపమును తన చేతిలో నుంచుకొన్నది. విద్యార్థి వీసాపై 8501 అను షరతు సంఖ్య ఉండును. వీసా ఉన్నంత కాలము ఆరోగ్యబీమా విడువరాదని దాని భావము. ఓ.ఎస్.హెచ్.సి. అని పిల్లలు పిలుచుకొను ఆ పాలసీ అమ్ము సంస్థలతో ప్రభుత్వమే ఒప్పందము చేసికొని కనీస ప్రయోజనములను నిర్ణయించినది. బ్రిటను, ఇటలీ, న్యూజీలండు వంటి 11 దేశములతో పరస్పర వైద్యసహాయ ఒప్పందములున్నవి, భారతదేశముతో లేదు. ఆ పాలసీలలో ముందునుండి ఉన్న జబ్బులకు పండ్రెండు మాసముల వెయిటింగ్ పీరియడ్ ఉండుట వాడుక. గర్భిణీచికిత్సకును అట్టి నిరీక్షణ పెక్కు పాలసీలలో కలదు. భార్యను వెంట తీసికొనిపోవు విద్యార్థికి ఈ వాక్యము ప్రీమియము సంఖ్యకంటె ముఖ్యము. ఇది చాలదన్నట్లు, అభ్యర్థి జబ్బునకు ప్రజాధనమునుండి కాగల వ్యయమును ముందే లెక్కగట్టి, అది 2024 జూలై నుండి 86,000 డాలర్లుగా నున్న హద్దు మించినచో వీసాయే నిరాకరింపవచ్చును.

యూరోపు ఖండమున ఒక అపోహ బహుళప్రచారములో నున్నది. షెంగెన్ ప్రాంతమునకు తొంబది దినముల వీసాకై 30,000 యూరోల ప్రయాణబీమా చూపుట 2004 నుండి వాడుకగా ఉండుటచేత, దీర్ఘకాలపు వీసాకును అదియే చాలునని ఏజెంట్లు కూడ చెప్పుచుందురు. దీర్ఘకాల వీసా ఆయా దేశముల సొంత చట్టమునకు లోబడినది. స్పెయిను, పని చేయక తన సొమ్ముతో బ్రతుకవచ్చినవానిని, స్పెయినులో అనుమతి గల సంస్థ వ్రాసిన పాలసీ, అందును కో-పే లేనిది, నిరీక్షణకాలము లేనిది, ప్రభుత్వవైద్యముతో సరిసమానమైనది తెమ్మనును. ప్రయాణబీమా అక్కడ చిత్తుకాగితముతో సమానము. ఐనను స్పెయినును మెచ్చుకొనవలసిన యంశమొకటి కలదు: ఏడాది నివాసము పూర్తియైన పిదప, 2013 నాటి రాజశాసనము ననుసరించి, అరువదియైదేండ్లలోపువాడు నెలకు 60 యూరోలు, అది దాటినవాడు 157 యూరోలు చెల్లించి ప్రభుత్వవైద్యములోనికి చేరవచ్చును, పాత జబ్బు అడ్డురాదు. ఇటలీలోను ఇష్టపూర్వకముగా చేరు మార్గమున్నది గాని, ఏడాదికి 387 యూరోలుగా నున్న కనీస చందాను 2024లో ఒక్క పెట్టున 2,000కును, విద్యార్థులకు 149 నుండి 700కును పెంచిరి.

మన గీటురాయిమీద తేలికగా తేలిపోవు ఉదాహరణము థాయిలాండు. ఏబదియేండ్లు దాటిన విదేశీయులు విశ్రాంతజీవితమునకై ఆ దేశము చేరుట చిరకాలముగా ఉన్నది; చెల్లింపక విడిచిన ఆసుపత్రి బిల్లులను గూర్చిన ఫిర్యాదులును అంతకాలముగా ఉన్నవి. 2019 అక్టోబరు 31 నుండి ఓ-ఏ అను విశ్రాంతవీసాకు, ఆసుపత్రిలో చేరి చేయించుకొను చికిత్సకు నాలుగు లక్షల బాతులు, చేరక చేయించుకొను చికిత్సకు 40,000 బాతులు రక్షణ గల బీమా విధించిరి. పిదప ఆ మొత్తము ముప్పది లక్షల బాతులకు పెరిగినది. విశ్రాంతవీసా కోరువాడు వృద్ధుడు. వృద్ధునకు క్రొత్తగా పాలసీ వ్రాయుటకు బీమా సంస్థలు జంకును. వ్రాసినను, ఉన్న జబ్బులను మినహాయించును. అనగా నిబంధన ఏ వయస్సువారికై పుట్టినదో ఆ వయస్సువారికే అంగడి మూతపడినది. బీమా నిరాకృతమైనవారు అంత మొత్తమునకు డిపాజిట్లు మొదలగు ఆస్తులు చూపవచ్చునని తరువాత సందు విడిచిరి గాని, ముప్పది లక్షలు బ్యాంకులో మూలుగుచున్నవానిని గూర్చి ఆసుపత్రికి మొదటనే చింత లేదు. ఇంతకంటె విడ్డూరము, దేశములోపలనే పొందు నాన్-ఓ అను జంట వీసా మీద ఎనిమిది లక్షల బాతుల డిపాజిటు చూపి అదే వయస్సువాడు అదే ఊరిలో ఏ బీమాయు లేక ఏటేట పొడిగించుకొనుచుండుట. వృద్ధులనేకులు ఓ-ఏ విడిచి ఆ దారి పట్టిరి. పట్టుట సహజమే గదా. 2022 సెప్టెంబరులో ధనికులకొరకు ప్రారంభించిన పదేండ్ల ఎల్.టి.ఆర్. వీసాలో మాత్రము, 50,000 డాలర్ల బీమా గాని లక్ష డాలర్ల డిపాజిటు గాని చాలునని మొదటనే రెండు దారులు చూపిరి. ఈ వివేకము ముందే కలిగియుండినచో బాగుండెడిది.

తెలుగువారికి ఈ ప్రశ్న అత్యంత సన్నిహితముగా ఎదురగునది గల్ఫు దేశములలో. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి నిర్మాణపు పనులకు వెళ్లు పురుషులకును, కడప, గోదావరి జిల్లాలనుండి ఇంటిపనులకు వెళ్లు స్త్రీలకును బీమా కొనుక్కొను ప్రసక్తి సాధారణముగా రాదు. అది యజమాని బాధ్యత. కువైటును సౌదీయును 1999లోనే చట్టములు చేసి ప్రవాసుల నివాసానుమతికి ఆరోగ్యబీమాను ముడిపెట్టినవి. దుబాయి 2013 నాటి 11వ సంఖ్య చట్టముచేత, ఉద్యోగి బీమా ఖర్చు యజమానియే భరింపవలెననియు, దానిని జీతమునుండి కోయరాదనియు శాసించెను. ఉత్తరపు ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుండి అమలైన పథకము, ఏడాదికి 320 దిర్హముల ప్రీమియముతో, దీర్ఘవ్యాధులకు నిరీక్షణకాలము లేకుండ వచ్చినది. సంపన్నదేశముల ఖరీదైన పాలసీలనేకము ఈయలేని సౌలభ్యమది. సింగపూరు సైతము ఇదే పద్ధతిని పాటించుచు, కూలిపనివాని వైద్యబీమాను 2023 జూలైలో 15,000 డాలర్లనుండి 60,000కు పెంచుమని యజమానులను ఆదేశించినది.

కాగితముమీద ఇంత బాగున్న ఈ ఏర్పాటున దోషమెక్కడ నున్నదన్నచో, బీమా కార్డు అకామా అను నివాసానుమతికి, ఆ అకామా కఫీలు అను పూచీదారు యజమానికి కట్టుబడియుండుటలో నున్నది. ఆజాద్ వీసా యని పేరుపెట్టి ఏజెంటు అమ్మిన వీసామీద వెళ్లి కఫీలు వద్ద కాక మరియొకచోట పనిచేయువాడును, జీతమీయని యజమానిని విడిచి పత్రములు లేని కల్లివెల్లి ఐనవాడును, అకామాతోపాటు కార్డునకును దూరమగుదురు. జబ్బుపడినపుడు ఆసుపత్రికి పోవుటకే వెరచువారు వీరే. యజమానితో నిమిత్తము లేని రక్షణను పంపించు దేశమే ఏర్పరచుట దీనికొక విరుగుడు. మన ప్రభుత్వము ఆ పనిని 2003లో ప్రవాసి భారతీయ బీమా యోజన పేర మొదలుపెట్టినది. వలసకు ముందనుమతి అవసరమను ఈ.సి.ఆర్. ముద్రగల పాస్‌పోర్టుతో నిర్దిష్టదేశములకు పనికి పోవువారికి అది తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు ప్రీమియము. ప్రమాదమున మరణించినను అంగవైకల్యము కలిగినను పది లక్షల రూపాయలు. వైద్యవ్యయమునకు మాత్రము లక్ష రూపాయలు. ఇంత తక్కువ ప్రీమియమునకు అంత రక్షణ కల్పించుట మెచ్చదగినదే. ఐనను ఆ లక్ష రూపాయలు గల్ఫు ఆసుపత్రిలో ఎన్ని దినములకు సరిపోవునో లెక్కవేసిన యెడల, ఈ పథకము రోగికంటె మృతునకే ఎక్కువ ఉదారముగా నున్నదని చెప్పక తప్పదు. విజిట్ వీసామీద వెళ్లి అక్కడ పనివీసాకు మారువారు దీనిలోనికి రానేరారు.

అమెరికా కథ వక్రమైనది. తన పౌరులందరికిని ఆరోగ్యబీమాను సమకూర్పని ఆ దేశము, 2019 అక్టోబరు 4న అధ్యక్షుడు ట్రంపు చేసిన ప్రకటనచేత, శాశ్వతవాస వీసాపై వచ్చువారు దిగిన ముప్పది దినములలో ఆమోదిత బీమా పొందగలమని గాని, ఊహింపదగిన వైద్యవ్యయములను భరింపగలమని గాని నిరూపింపవలెననెను. ఆమోదితబీమాల పట్టికయే దాని తత్త్వమును బయటపెట్టినది: దేశపు సొంత చట్టము క్రింద ప్రభుత్వసహాయముతో కొను పాలసీ పనికిరాదట, పాత జబ్బులను త్రోసివేయు స్వల్పకాలపు పాలసీయు సందర్శకుల పాలసీయు, 364 దినములకు తక్కువ కానిచో, చెల్లునట! ఒరెగాన్ ఫెడరల్ న్యాయమూర్తి మైకేల్ సైమన్ అమలునకు ముందటిదినమే దానిని నిలిపివేసెను. పై న్యాయస్థానము 2020 డిసెంబరు చివర ఆ నిలుపుదలను రద్దుచేసెను. 2021 మే 14న అధ్యక్షుడు బైడెన్ ప్రకటననే ఉపసంహరించెను. రోగికి మేలు చేయకయే ఖజానాకు ధైర్యము చెప్పు కాగితమునకు ఇంతకంటె చక్కని నమూనా దొరకదు.

ఇతర వీసాల విషయమున అమెరికా నియమములు ఒకదానితో ఒకటి పొసగవు. జె-1 వినిమయవీసాపై వచ్చినవాడు ప్రతి జబ్బునకు లక్ష డాలర్లు, స్వదేశమునకు రోగిగా తరలించుటకు 50,000, మృతదేహము పంపుటకు 25,000 డాలర్లు రక్షణ గల బీమా, 500 మించని డిడక్టబుల్‌తో, కలిగియుండవలెనని 2015 నుండి ఫెడరల్ నియమము. మన పిల్లలు అత్యధికముగా వెళ్లు ఎఫ్-1 విద్యార్థివీసాకు అట్టి ఫెడరల్ నియమము లేదు. విశ్వవిద్యాలయమే తన పాలసీని ఫీజులో చేర్చును, లేదా చౌకపాలసీ చూపినచో వదలిపెట్టును. చదువు ముగిసి ఉద్యోగము వెదకు నడిమికాలమున విశ్వవిద్యాలయ పాలసీ ఆగిపోయి, కంపెనీ పాలసీ ఆరంభము కాక, యువకులు బీమా లేకుండ నుండుట కలదు. ఆ దశలో ప్రమాదము జరిగి, తానా, ఆటా వంటి తెలుగు సంఘములును మిత్రులును చందాలు పోగుచేసి మృతదేహమును స్వగ్రామమునకు పంపిన వార్తలను మన పత్రికలు ప్రచురించుచునే యున్నవి. హెచ్-1బి ఉద్యోగికి సాధారణముగా కంపెనీయే బీమా. ఉద్యోగము పోయినపుడు దేశమున నిలుచుటకు అరువది దినములు, పాత బీమాను కోబ్రా చట్టము క్రింద పూర్తి ప్రీమియము తానే కట్టి కొనసాగించుకొను హక్కు మిగులును. జీతము ఆగిన మాసముననే ప్రీమియము ఇంతింతలగుట ఆ హక్కులోని కిటుకు.

పిల్లల ప్రసవములకో, మనుమల ముచ్చటకో ఆరు మాసములుండవచ్చు తలిదండ్రులకు అమెరికా బీమా అడుగదు. అడుగకపోవుట ఉపకారము కాదు. హైదరాబాదు విమానాశ్రయమునుండి బయలుదేరు ఆ వృద్ధదంపతుల చేతిసంచిలో షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆరు నెలలకు సరిపడ ఉండును. కుమారుడు కొన్న విజిటర్ ఇన్సూరెన్సు ఆ రెండు జబ్బులనే మినహాయించును, లేదా అవి హఠాత్తుగా ముదిరినచో మాత్రమే, అందును వయోపరిమితికి లోబడి, కొంత చెల్లించును. చౌకయైన పాలసీ ఆసుపత్రి గదికి దినమునకింత, శస్త్రచికిత్సకింతయని మితములు పెట్టును. బిల్లు ఆ మితములను గౌరవింపదు. కెనడా ఈ విషయమున సూటియైనది. 2011 డిసెంబరులో తలిదండ్రులకై సూపర్ వీసా తెచ్చి, కనీసము లక్ష కెనడా డాలర్ల రక్షణతో ఏడాదికి వైద్యబీమా కొనవలెనన్నది. 2022 జూలై నుండి ఒక్కమారు ఐదేండ్లు ఉండనిచ్చినది. 2025 జనవరి 28 నుండి కెనడాలో అనుమతి పొందిన విదేశీ సంస్థల పాలసీలను కూడ అంగీకరించినది. పోటీ పెరిగినచో ప్రీమియము తగ్గవచ్చును. ఐనను డెబ్బదియైదేండ్ల మధుమేహరోగి ప్రీమియము విమానపు టిక్కెట్టును మించుట అక్కడ వింత కాదు. అతనిని చేర్చుకొనుమని సంస్థను నిర్బంధించు నియమమును లేదు.

ఈ దేశములన్నింటి నిబంధనలను ఒకచోట చేర్చి చదువునపుడు తేలునదేమనగా, వీసా అధికారి చూచునది పాలసీ మొదటి పుట, రోగికి అక్కరకు వచ్చునది కడపటి పుటలు. మొదటి పుటలో పెద్ద అక్షరములతో మొత్తము, తేదీలు, పేరు ఉండును; కడపటి పుటలలో చిన్న అక్షరములతో మానసికవ్యాధి, పురుడు, పంటిచికిత్స, పాత జబ్బు, మద్యము సేవించి పొందిన గాయము ఇత్యాదులు వరుసగా త్రోసివేయబడియుండును. స్పెయిను తప్ప, కడపటి పుటలను వీసాదశలోనే శ్రద్ధగా చదువు రాజ్యములు అరుదు. మరియు, ఆసుపత్రికి సొమ్ము సూటిగా కట్టు పాలసీకిని, రోగి ముందు కట్టి పిదప క్లెయిము చేసికొనవలసిన పాలసీకిని ఉన్న యంతరమును దాదాపు ఏ నిబంధనయు పాటింపదు. చేతిలో సొమ్ము లేని విద్యార్థికి రెండవది లేనిదానితో సమానమే.

ఇక మన దేశమునకు వచ్చువారి సంగతి. భారతదేశము విద్యార్థి, ఉద్యోగ వీసాలకు ఆరోగ్యబీమాను సాధారణ నిబంధనగా విధింపలేదు. కొన్ని విద్యాసంస్థలు తమంతట తాము అడుగుచున్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువు ఆఫ్రికా, పశ్చిమాసియా విద్యార్థి జబ్బుపడినచో ప్రభుత్వాసుపత్రికి పోవును, లేదా తోటివారు చందా వేసికొని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్తురు. అమెరికాలో మనవారికి జరుగుచున్నదే ఇచ్చట వారికి జరుగుచున్నది. నిబంధన పెట్టదలచినచో అందుకు కావలసిన పునాది మన దేశమున కొంత పడియున్నది: బీమా నియంత్రణసంస్థ 2024లో అన్ని వయస్సులవారికిని పాలసీలుండవలెననియు, పాత జబ్బుల నిరీక్షణకాలము ముప్పదియారు మాసములు మించరాదనియు నియమించినది. మూడేండ్ల చదువునకు వచ్చినవానికి ముప్పదియారు మాసముల నిరీక్షణ నిష్ప్రయోజనమే గనుక, విడివిడిగా పాలసీలు కొని తెమ్మనుటకంటె, విశ్వవిద్యాలయమే విదేశీ విద్యార్థులందరికిని కలిపి ఒక సమష్టి పాలసీ తీసికొని, నిరీక్షణ లేకుండ బేరమాడి, దాని వెలను ఫీజులో చేర్చుట మేలు. ఉద్యోగులకు కంపెనీలు ఇట్టి సమష్టి పాలసీలను ఎన్నో ఏండ్లుగా కొనుచునే యున్నవి గనుక, దీనికి క్రొత్త చట్టమును, వీసా దరఖాస్తులో క్రొత్త గడియును అవసరము లేదు.